పైకి చదివే పిల్ల

ఒకప్పుడు ఆ ఇంట్లో తెల్లవారిందంటే చప్పుడే. ముందుగదిలో కుట్టుమిషను, వంటింట్లో పంపు, మధ్యగదిలో పైకి చదువుకునే పిల్ల. మూడూ కలిసి వినపడితేనే టైలరమ్మకు పొద్దు పొడిచినట్టు. ఇప్పుడామె పొద్దుటి పని వేరు. తొమ్మిదిన్నర అయ్యేలోపు ఇంట్లో చప్పుడు చేసేవన్నీ ఒక్కొక్కటిగా ఆపాలి. పొయ్యి మీద కుక్కరు ఉండకూడదు. కారే పంపు కింద మడత పెట్టిన గుడ్డ పెట్టాలి. చుక్క గుడ్డ మీద పడితే వినపడదు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. గోడ గడియారంలో సెల్లు తీసి కొంగున ముడేసుకోవాలి. ఆఖరికి చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, తాను కూడా బయటికి నడవాలి. పదింటికి కూతురికి ఇంటర్వ్యూ.

రోజూ ఉంటుందని కాదు. వారంలో ఒకటో రెండో. కానీ ఎప్పుడుంటుందో ముందురోజు సాయంత్రం దాకా చెప్పరు, అందుకని ఆపడం రోజువారీ పనైపోయింది.

ఆ కూతుర్ని వీధిలో అందరూ రేడియో అంటారు. ముప్పై నాలుగేళ్ల మనిషి, పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మనిషి, అయినా రేడియోనే. ఆ పేరు పెట్టింది తండ్రి. ఆయన టైలరు. బడిపిల్లల యూనిఫారాలు, నర్సుల కోట్లు కుట్టేవాడు. అక్షరం ముక్క రాదు. కొలతల పుస్తకంలో కూడా గీతలే ఉండేవి. చేతికి అడ్డగీత, నడుముకు సున్నా, భుజానికి గొడ్డలి లాంటి ఒక బొమ్మ. ఆ పుస్తకం ఆయనకు తప్ప లోకంలో ఎవరికీ అర్థం కాదు.

పిల్ల చదువుతోందో లేదో ఆయనకు తెలిసే దారి ఒక్కటే, వినడం. మిషను తొక్కుతూనే, "వినపడటం లేదే!" అని కేకేసేవాడు. పిల్ల గొంతు పెంచేది. ఆమె గొంతు ఆగితే ఇక్కడ మిషను ఆగేది. లెక్కలైనా సరే, పాఠమైనా సరే, పైకి చదవాల్సిందే. మధ్యలో ఎక్కడో, "ఆగు. అక్కడ మళ్లీ చదువు" అనేవాడు. చూస్తే నిజంగానే అక్కడ తప్పుండేది.

"నీకు చదువు రాదు కదా నాన్నా, ఎలా తెలిసింది?" అని పిల్ల ఓసారి అడిగింది.

"లెక్క నాకేం తెలుసు. తప్పున్న చోట నీ గొంతు సన్నబడుతుంది. అంతే."

టైలరమ్మకు ఇదంతా వేడుకగా ఉండేది. ఆమె చదువూ అంతంత మాత్రమే, కూడబలుక్కుని చదవగలదు. కాజాలు, గుండీలు, అంచులు ఆమె పని. చేతిలో సూది, చెవిలో పిల్ల పాఠం. అలా పదేళ్లు వినీ వినీ ఆమెకు కూడా సగం పుస్తకాలు నోటికి వచ్చాయి, అవి దేనికి పనికొస్తాయో మాత్రం తెలియలేదు.

ఆ పిల్ల పెద్దదై కంప్యూటరు చదివింది. ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రుల్లో రోగి ఎన్ని రోజులు మంచం మీదున్నాడు, ఏ మందు ఎప్పుడిచ్చారు, ఇవన్నీ లెక్క చూసే ప్రోగ్రాం రాసే కంపెనీ అది. అక్కడా అంతే. తెర మీద వరసలు చూస్తూ తనకు తెలియకుండానే గొణుగుతూ ఉండేది. మొదట్లో పక్కవాళ్లు విసుక్కున్నారు. తర్వాత ఆమెను మూలన, పాత ఫైళ్ల బీరువా పక్కన కూర్చోబెట్టారు. ఇంకొన్నాళ్లకు వాళ్లే తమ ప్రోగ్రాంలు పట్టుకుని ఆ మూలకు రావడం మొదలుపెట్టారు. "రేడియో, ఇది ఒకసారి చదివిపెట్టవా? పొద్దుట్నుంచీ తప్పెక్కడో దొరకడం లేదు." ఆమె చదివేది. చదువుతూ చదువుతూ ఎక్కడో గొంతు సన్నబడేది. అక్కడే ఉండేది తప్పు.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే టైలరు మీసాల్లో నవ్వుకునేవాడు. "చూశావా, నా గొడ్డలి బొమ్మ లాంటిదే అది కూడా" అనేవాడు భార్యతో.

కిందటేడు ఆ కంపెనీని ఎవరో కొన్నారు. కొన్నవాళ్లకు వేరే ప్రోగ్రాం ఉంది. మూలన కూర్చున్న రేడియోతో సహా నలభై మందికి ఒకే రోజు, ఒకే మాటలున్న మెయిలు వచ్చింది. మరుసటి నెలలో టైలరు మంచాన పడ్డాడు. రెండు నెలలు ఆసుపత్రి. మంచం పక్కన కూర్చుని కూతురు పేపరు చదివి వినిపించేది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, తప్పు చదివితే "ఆగు" అనేవాడు. ఒకరోజు ఆమె తప్పు చదివినా "ఆగు" అనలేదు. అంతే.

ఆ సంగతి టైలరమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. పలకరించినవాళ్లకు, "ఆయనకు నొప్పి లేకుండా జరిగింది" అని చెప్పి మాట మార్చేస్తుంది.

నెల తర్వాత కూతురు ఉద్యోగాల వేటలో పడింది. ఈ పదకొండేళ్లలో ఉద్యోగాలు ఇచ్చే పద్ధతే మారిపోయింది. కాగితాలు పట్టుకుని వెళ్లడం లేదు, ఎవరి ముందూ కూర్చోవడం లేదు. అర్జీ పంపితే మెషినే చదువుతుంది. నచ్చకపోతే మెషినే జవాబిస్తుంది. ఒకసారి పంపిన రెండు నిమిషాలకే జవాబొచ్చింది: మీ అనుభవాన్ని క్షుణ్ణంగా పరిశీలించాము, విచారిస్తున్నాము.

"రెండు నిమిషాల్లో పదకొండేళ్లు చదివేసిందా?" అంది టైలరమ్మ.

"చదివి, విచారించింది కూడా" అంది కూతురు.

ఉద్యోగం లేని కాలానికి కారణం చెప్పమని ఒక గడి ఉంటుంది. అందులో మెషినే నాలుగు కారణాలు ఇస్తుంది. చదువు, కాన్పు, ప్రయాణం, ఇతర. రేడియో ప్రతిసారీ 'ఇతర' అన్నచోట నొక్కేది. దానికింద ఇంకో గడి, ఆ ఖాళీ ఏడాది లోపా, ఏడాది పైనా అని. అసలు భయం అదే. పాత కంపెనీలో తనతో పాటు పోయినవాళ్లు చెప్పారు, ఏడాది దాటితే జల్లెడలో నిలవవు, మొదటి మెట్టులోనే జారిపోతావు అని. వాళ్లలో ఇద్దరికి అలాగే జరిగింది. కాబట్టి రేడియోకు గడువుంది. ఆ ఏడాది నిండేలోపు ఎవరో ఒకరు తీసుకోవాలి. లేకపోతే పదకొండేళ్ల పనికి అక్కడితో తలుపు మూసుకున్నట్టే.

వంద పైగా అర్జీలు పెడితే ఏడెనిమిది చోట్ల జల్లెడలో నిలిచింది. అప్పుడు ఇంటర్వ్యూ, అంటే పరీక్షే. ఇంట్లోనే, లాప్‌టాప్ ముందు. అడిగేది మెషినే, చూసేది మెషినే. చక్కని ఆడగొంతు, మనిషి మాత్రం ఉండదు. తెర మీద ప్రోగ్రాం పెట్టి, ఇందులో తప్పు పట్టండి అంటుంది. ముఖం చూస్తూ ఉంటుంది, కళ్లు ఎటు తిరిగాయో చూస్తుంది, గది వింటూ ఉంటుంది. మూడు హెచ్చరికలయ్యాయంటే పరీక్ష ఆగిపోతుంది. కంపెనీలు వేరే గానీ పరీక్ష పెట్టే మెషిను అందరిదీ ఒకటే.

మొదటి పరీక్ష పన్నెండో నిమిషంలో ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు: గదిలో మరొకరి మాటలు వినపడినందున పరీక్ష ముగించబడింది.

ఆ సమయానికి టైలరమ్మ వంటింట్లో ఉంది. నోరు మెదపలేదు. కానీ కుక్కరు ఈల వేసింది.

"నా వల్లేనే" అంది.

"కుక్కరు మాట్లాడదు కదమ్మా."

"దానికి మాటకీ ఈలకీ తేడా తెలుసో లేదో."

రెండోసారి కుక్కరు లేదు, పంపు కారింది. పరీక్ష ఆగింది. మూడోసారి పంపు లేదు, గడియారం ఉంది. ఆగింది. నాలుగోసారి ఆమె ఇంట్లోనే లేదు. పైవాటాలో ఉండే నర్సు దగ్గర కూర్చుంది. అయినా ఆగింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు పిన్నీ?" అంది నర్సు. ఆవిడ నైట్ డ్యూటీ చేసి వచ్చి కళ్లు నులుముకుంటోంది.

"ఎవరూ లేరమ్మా. నేనున్నానంటే ఇక్కడున్నాను."

"మరి ఆ మెషిన్‌కి ఎవరు వినపడుతున్నారు? గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ, నోళ్లు కూడా వచ్చాయేంటి?"

టైలరమ్మ నవ్వలేదు. తన ఊపిరే పెద్దగా వస్తోందేమో, మెట్ల మీంచి కూడా వినపడుతోందేమో అనుకుంది. ఐదో పరీక్ష నాడు వీధి చివర మందుల షాపు అరుగు దాకా వెళ్లి కూర్చుంది. అక్కడ కూర్చున్న పావుగంటకు వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదు. తడిసి ముద్దై ఇంటికొచ్చి, చప్పుడు కాకుండా గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, తలుపు తీసుకుని కూతురు బయటికొచ్చింది. ముఖం చూస్తేనే తెలిసింది.

"మళ్లీ అదే. ఎవరో మాట్లాడారట." అని తల్లిని చూసి, "నువ్వెప్పుడొచ్చావ్?" అంది.

"ఇప్పుడే. ఒట్టు, నేను నోరు తెరవలేదు."

"నిన్ననడం లేదు. ఇక్కడే ఉన్నావు కదా, ఎవరిదన్నా గొంతు వినపడిందా?"

"ఎవరిదీ లేదు. నువ్వు చదువుకోవడం తప్ప ఏమీ వినపడలేదు."

"నేను చదవడమేంటి?"

"చదువుతున్నావు కదే. సంచి నిండితే అటు పో, నిండకపోతే ఆగు అని ఏదో."

"నేను నోరే తెరవలేదమ్మా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాన చూరు మీంచి కారుతోంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న చప్పుడు, ఆ పిల్ల చదువు. మన మెడ మీద మన తల బరువు మనకెక్కడ తెలుస్తుంది? కుక్కరును, పంపును, గడియారాన్ని, ఆఖరికి తల్లిని కూడా బయటికి పంపారు గానీ, అసలు చప్పుడు లాప్‌టాప్ ముందే కూర్చుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కెమెరాలో పెదాలు కదులుతుంటే, మైకులో గొణుగుడు వినపడుతుంటే, మెషిను అనుకుంది, ఈ మనిషి పక్కన ఎవరితోనో మాట్లాడుతోందని.

టైలరమ్మ ముందు హమ్మయ్య అనుకుంది. తన తప్పు కాదు. వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

జబ్బు తెలిశాక మందు తేలికే అనుకున్నారు. ఆరో పరీక్షకు రేడియో ఒక పెద్ద కోటు గుండీ పెదాల మధ్య పెట్టుకుని కూర్చుంది. పెదాలు కదిలితే గుండీ పడిపోతుంది. మెషిను కిక్కురుమనలేదు. గంటసేపూ ఒక్క హెచ్చరిక లేదు. ఆఖర్న చక్కని గొంతు ధన్యవాదాలు చెప్పి, నూటికి ముప్పై ఎనిమిది అంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అంది రేడియో గుండీ బల్ల మీద పెడుతూ. "ఆ తప్పులు నాకు రోజూ కనపడేవేనమ్మా. ఇవాళ ఒక్కటీ కనపడలేదు. కళ్లు వరసల మీద జారిపోతున్నాయి, ఏదీ పట్టుకోవడం లేదు."

ఆ వారంలోనే మేనమామ వచ్చాడు. టైలరమ్మ తమ్ముడు. అతనికి తలుపుల గొళ్లాలు, మేకులు, రంగుడబ్బాలు అమ్మే పెద్ద షాపుంది. మంచివాడే. నోరు కాస్త ముందు నడుస్తుంది, మనసు వెనకాల వస్తుంది.

"ఎన్నాళ్లమ్మా ఈ మెషిన్లతో దాగుడుమూతలు?" అన్నాడు మేనకోడలితో. "మా కౌంటర్లో మనిషి కావాలి. నువ్వయితే నమ్మకం. సోమవారం నుంచి వచ్చెయ్. పైగా అక్కడ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కొనేవాళ్లు మొత్తుకుంటే నేను చూసుకుంటా."

"ఈ సోమవారమా మావయ్యా?"

"వచ్చే సోమవారం. పది పన్నెండు రోజులు టైముంది. ఇదుగో అక్కా, షాపు కోటు. రెడీమేడుది. చేతులు పిల్లకి రెండంగుళాలు పొడుగు. నువ్వు మడిచి కుట్టేయ్. జేబు మీద షాపు పేరు ముక్క కూడా అంటించు."

కోటు కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. బూడిదరంగు కోటు. రేడియో దాన్ని ఒకసారి తొడుక్కుని చూసింది. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. విప్పి మళ్లీ కుర్చీకి తగిలించింది.

"మావయ్య తప్పేం అనలేదు" అంది.

"తప్పని నేనన్నానా?"

"పని పనే కదమ్మా. మేకులైతే మాత్రం ఏంటి."

"ఏం లేదు. మేకుల్లో నీకు తప్పు పట్టేదేముంటుందా అని చూస్తున్నా."

ఏడాది నిండటానికి ఇంకా రెండు వారాలున్నాయి. ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. ఇళ్లకు పార్సిళ్లు చేరవేసే పెద్ద కంపెనీ. శుక్రవారం పదింటికి. గురువారం సాయంత్రం రేడియో మళ్లీ ఆ గుండీ తీసి కడుగుతుంటే తల్లి దాన్ని చేతిలోంచి తీసుకుంది.

"పైకే చదువు."

"ఆపేస్తుందమ్మా."

"ఆపనీ. నోరు మూసుకుని ముప్పై ఎనిమిది తెచ్చుకున్నావు. నోరు తెరిచి సున్నా తెచ్చుకో. తేడా ముప్పై ఎనిమిదే కదా."

"నీ లెక్క బాగానే ఉంది."

"మీ నాన్న లెక్క. ఆపేలోపు ఎంత వీలైతే అంత చదువు. మిగతాది వాళ్ల కర్మ."

రేడియో పరీక్ష ఫారం తెరిచింది. అందులో, మీకు ఏదైనా ప్రత్యేక సౌకర్యం కావాలా అని ఒక గడి ఉంది. చూపు, వినికిడి, చేతి కదలిక, ఇతర. ఇన్నాళ్లూ దాన్ని ఖాళీగా వదిలేసేది, తనకేమీ జబ్బు లేదు కదా అని. ఇప్పుడు 'ఇతర' నొక్కి రాసింది: నేను పైకి చదివితేనే ఆలోచించగలను. నా గదిలో ఎవరూ లేరు. వినపడే గొంతు నాదే. మా ఇంట్లో నాకు ఇలాగే నేర్పారు. పంపగానే జవాబొచ్చింది, మీ వినతి నమోదైంది అని. అంతకు మించి ఏమీ లేదు.

శుక్రవారం టైలరమ్మ బయటికి పోలేదు. ముందుగదిలో ముక్కాలిపీట మీద కూర్చుంది. లోపల కూతురు గొంతు మొదలైంది. మొదట సన్నగా, తర్వాత మామూలుగా, తర్వాత చిన్నప్పటిలా గట్టిగా.

"మొదటి పార్సిల్ దగ్గర మొదలుపెట్టు. ఇల్లు దగ్గరైతే ముందు పెట్టు, దూరమైతే వెనక్కి నెట్టు. బండి నిండిందా? నిండలేదు. ఇంకోటి ఎక్కించు. నిండిందా? నిండితే బయల్దేరు..."

హెచ్చరిక గంట మోగింది. ఆమె ఆగలేదు. మళ్లీ చదివింది. రెండో గంట.

"నిండితే బయల్దేరు. బయల్దేరితే... మరి చేతిలో ఉన్న పార్సిల్..."

అక్కడ గొంతు సన్నబడింది. ముందుగదిలో టైలరమ్మకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది, "ఆగు. మళ్లీ చదువు" అని. పైకి కాదు, గొంతులోనే.

"చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టకుండా, బండిలో ఎక్కించకుండా బయల్దేరిపోయాడు. ప్రతి బండికీ ఒకటి పోతోంది. అదీ సంగతి."

టకటకా ఏదో కొట్టింది. మూడో గంట మోగింది. పందొమ్మిదో నిమిషంలో పరీక్ష ఆగిపోయింది. మిగిలిన రెండు ప్రశ్నలు రానే లేదు.

రేడియో బయటికొచ్చి టీ అడిగింది. ఇద్దరూ తాగారు.

తర్వాతి మంగళవారం పార్సిళ్ల కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఆడగొంతే, కానీ చక్కనిది కాదు. జలుబు చేసినట్టుంది, మధ్యలో దగ్గింది. రేడియో ఫోను స్పీకర్లో పెట్టింది.

"మీ 'ఇతర' చదివానండీ" అంది ఆవిడ. "అందులో రాసినవి మెషిను ఎటు పంపాలో తెలియక నా దగ్గర పడేస్తుంది. ఎక్కువగా తిట్లే ఉంటాయి. మీ రికార్డింగు విన్నాను. మీరు పట్టిన తప్పు ఉంది చూశారా, పరీక్షలో మేం పెట్టిన తప్పు అది కాదు."

"అయ్యో" అంది రేడియో.

"అయ్యో కాదు. మేం పెట్టింది చిన్నది. మీరు పట్టింది పెద్దది. అక్కడ అదొకటుందని మాకే తెలియదు. ఆ ముక్క మా అసలు ప్రోగ్రాంలోంచి తీసిందే. మా వాళ్లు రెండు రోజులుగా తల పట్టుకున్నారు." ఆవిడ మళ్లీ దగ్గింది. "నేను మాటివ్వలేను. ఉద్యోగం ఇచ్చేది నేను కాదు. శనివారం ముగ్గురు మనుషులు మీతో మాట్లాడతారు. మనుషులే. పైకి చదవండి."

శనివారం మాట్లాడారు. గంటన్నర. రేడియో చదువుతుంటే అవతల ముగ్గురూ వింటున్నారు. మధ్యలో ఒకాయన అడిగాడు, ఇలా చదవడం ఎక్కడ నేర్చుకున్నారని.

"మా నాన్న నేర్పారు."

"ఆయన కూడా ఈ పనేనా?"

"టైలరండీ. చదువు రాదు."

అవతల ఎవరో ఏదో రాసుకున్నారు. తర్వాత ఇంకొకావిడ, "సరే, తర్వాతిది చదవండి" అంది. ఆఖర్న, సోమవారం సాయంత్రంలోపు చెబుతామన్నారు. ఏడాది గడువు నిండేది బుధవారం. షాపుకు వెళ్లాల్సింది సోమవారం పొద్దున.

ఆదివారం మధ్యాహ్నం టైలరమ్మ కోటు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. చేతులు మడిచి గుండుసూదులు గుచ్చింది. సూదికి దారం ఎక్కించింది. అరగంట పని కూడా కాదు. ఇలాంటి అంచులు ఆమె ఎన్ని వేలు కుట్టిందో. లోపలిగదిలో కూతురు నిద్రపోతోంది, చాలా రోజుల తర్వాత పగటిపూట నిద్ర. ఆమె కోటు వంక చూసింది. తర్వాత గుండుసూదులు ఒక్కొక్కటీ పీకి డబ్బాలో వేసింది. మడత విప్పింది. చేతులు మళ్లీ పొడుగ్గా వేలాడాయి.

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, కోటు అయిందా?"

"లేదురా."

"అదేంటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి రేపు పొద్దున ఏం వేసుకొస్తుంది?"

"కుట్టలేదురా" అంది టైలరమ్మ. "రేపు సాయంత్రం దాకా కుట్టను."